తెల్లబడని పేజీ

ఫిషింగ్ హార్బర్ ఆఫీసు గోడకి ఒక టీవీ,
టీవీలో ఒక పట్టిక.
బోటు నంబరు, సరంగు పేరు, ఎక్కడున్నాడు.
పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసిన రోజు
జాలరిపేట మొత్తం జాతకం ఆ మూడు గళ్లలోనే.

అప్పట్లో ఆ పేజీకి తనంతట తానుగా ఏదీ తెలిసేది కాదు.
గుమాస్తా అప్పలసూరి నిమిషానికోసారి
మీట నొక్కేవాడు.
నొక్కగానే తెర తెల్లబడేది.
ఒక్క క్షణం. నెట్టు మందగిస్తే నాలుగు.
బోట్లు లేవు, పేర్లు లేవు,
ఉతికి ఆరేసిన దుప్పటిలా తెలుపు.
బెంచీ మీద ఆడవాళ్ల ముఖాలు తెల్లబోయేవి.
పేర్లు మళ్లీ పైనుంచి ఒక్కొక్కటే దిగొస్తే
ఊపిరి వదిలేవారు, ఎవరి వరస దగ్గర వాళ్లు.

నేను మధురవాడ అద్దాల మేడలోంచి
మరమ్మతుకని వచ్చినదాన్ని.
నూకరత్నం నా మణికట్టు పట్టుకుంది,
గాజుల మధ్య ఇరుక్కున్న చేప పొలుసు మెరిసింది.
"అమ్మీ, అలగ తెల్లగైపోతాదేటి?
అప్పుడు మావోడు ఎక్కడికి పోతన్నాడు?"

జవాబుంది నా దగ్గర. చెప్పే మాటే లేదు.
ఒక్క గడి మార్చడానికి ఇల్లంతా కూల్చి
మళ్లీ కట్టుకొస్తోందని,
మధ్యలో కనపడే తెలుపు
ఎవరి చావూ కాదని.

ఆ రాత్రి కూర్చుని రాశాను.
తెరని కదపొద్దు. పేర్లని వాటి చోటే ఉండనీ.
పెరటి దారిన ఒక చిన్న కబురు వెళ్తుంది,
ముప్పై సెకన్లకోసారి:
"మారినవి ఏమైనా ఉన్నాయా? అవే చెప్పు, చాలు."
డేటాబేస్ వరసల్లో వేలు పెట్టి వెతుక్కుంటుంది.
జవాబు ఏ గడిదో ఆ గడిలోకే జారుతుంది,
పక్క పేరుకి నిద్ర కూడా చెదరదు.

మర్నాడు తెర నిశ్చలం.
అప్పలసూరి చేతికి పని పోయి టీకి వెళ్లాడు.
నాకు గర్వంగా ఉంది.
నూకరత్నానికి లేదు.
"ఇది సచ్చిపోనాదేటమ్మీ, కదల్దేటి?
అడుగుతందో లేదో మాకెలగ తెలుస్తాది?"

భయపెట్టిందే గానీ
అడుగుతున్నామని చెప్పింది కూడా ఆ తెలుపేనట.

కింద మూలన బూడిద రంగులో ఒక లైను చేర్చాను.
ఇప్పుడే అడిగాం, నాలుగూ పన్నెండు.
ఇప్పుడే అడిగాం, నాలుగూ పన్నెండున్నర.
ఆమెకి అక్షరాలు రావు. అంకెలు వచ్చు,
వేలంపాటలో నేర్చినవి.
అంకె మారినప్పుడల్లా తల ఊపింది,
కథకి ఊఁ కొడుతున్నట్టు.

నూట పద్దెనిమిది. సరంగు మైలపిల్లి దానయ్య.
ఎక్కడ: ఖాళీ.
జవాబు రాకపోలేదు. ప్రతిసారీ వచ్చింది.
మా వాడుకలో దాన్ని విజయమే అంటారు,
అడిగింది అందింది, అంతా సవ్యం, రెండు వందలు.
విప్పితే లోపల ఏమీ లేదు.
తప్పు జరిగితే ఎర్రగా చూపించమని రాశాను.
ఏమీ జరగకపోతే ఏ రంగో
రాయలేదు.

డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు వెలిగింది.
ఐదూ ఇరవైకి నూకరత్నం లేచింది.
తెర మీద ఏదీ మారలేదు.
కిటికీలోంచి నాకు కనపడింది
వాన, వాన వెనక అన్నీ ఒకేలాంటి కొయ్యలు.
ఆమెకి వాటిలో ఒక జెండా,
జెండా మీద తను వేసిన పచ్చదారం కుట్టు.
గంప బెంచీ మీదే వదిలేసి
జెట్టీ వైపు పరిగెత్తింది.

ఎనిమిది నిమిషాలు.
తాడు కట్టాక, మనుషుల్ని లెక్కపెట్టాక,
జెట్టీ కుర్రాడు తడిచేత్తో ఫోను నొక్కాక,
పదహారోసారి వెళ్లిన నా కబురు
ఆ వరస కోసం ఏదో పట్టుకొచ్చింది.
నూట పద్దెనిమిది: ఒడ్డుకి చేరింది.
తెర ఏమాత్రం తెల్లబడలేదు.
చూడ్డానికి ఆమె చోట గంప ఉంది.

గంప పక్కన కూర్చున్న పిల్ల, మొన్నే పెళ్లైంది కాబోలు,
చూపు తిప్పకుండా
నూట ఇరవై ఒకటినే చూస్తోంది.
ఇప్పుడే అడిగాం, ఐదూ ఇరవై ఎనిమిదిన్నర.